చీటీలో లేని పద్నాలుగు రోజులు



మేము బడిపంతుళ్లం. వైద్యం చెప్పడానికి రాలేదు, ఒక మందుల చీటీ గురించి చెప్పడానికి వచ్చాం.

వానాకాలంలో మా తరగతి పిల్లవాడికి చలిజ్వరం వచ్చింది. పరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలింది. దాతల సాయంతోనే మందులు కొనిచ్చాం. మూడు రోజుల్లో జ్వరం తగ్గింది. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ వణుకు. వాళ్లమ్మ పాత చీటీ తెచ్చి చూపింది. క్లోరోక్విన్ పక్కన మూడు రోజులని ఉంది. ప్రైమాక్విన్ పక్కన రోజుకు ఒకసారి అని తప్ప ఎన్నాళ్లో లేదు. పిల్లవాడి బరువూ లేదు. "జ్వరం పోయింది గదా సార్, ఇంకెందుకని ఆపేసిన" అంది. ఆమె తప్పేముంది? డబ్బు ఇచ్చేటప్పుడు ఆ చీటీ మా చేతుల్లోంచే పోయింది. చదవనిది మేమే.

క్లోరోక్విన్ రక్తంలోని క్రిమిని చంపుతుంది. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుని కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. దాన్ని తుడిచేందుకే జాతీయ మార్గదర్శకాల్లో ప్రైమాక్విన్ 14 రోజులు. ఫాల్సిపారమ్ రకమైతే మందులే వేరు, ప్రైమాక్విన్ ఒక్క మోతాదే. గర్భిణులకు, పసికందులకు అసలే ఇవ్వరు. అందుకే జ్వరం రకం, వయసు, బరువు, రోజులు అన్నీ చీటీలో ఉండాలి.

మలేరియా క్రిమిని దోమలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాదులోనే. ఈ పాఠం ఏటా చెబుతాం, చీటీ చదవడం మాత్రం ఎన్నడూ నేర్పలేదు.

డాక్టర్లను తప్పుపట్టడం లేదు. ఓపీ ముందు బారెడు వరుస ఉంటే చేయి పరుగెడుతుంది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు మాకూ అంతే. మా మనవి ఒక్కటే. ఈ ఏడు మందుల బిల్లుతోపాటు చీటీ కూడా అడగండి. సంఘంలో ఒకరు కూర్చుని చదవాలి. ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులు అన్నది లేకుంటే అదే డాక్టరు దగ్గరికి తిరిగి పంపాలి. ఆటో ఛార్జీ కూడా సంఘమే పెట్టుకోవాలి, కూలి మానుకుని రెండోసారి ఎవరూ పోరు.

ఈసారి డాక్టరుగారు రోజులు రాసిచ్చారు. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనం తర్వాత మాత్ర మా ముందే వేసుకున్నాడు. సెలవు రోజుల్లో అమ్మ వేసింది. పద్నాలుగో రోజు ఖాళీ అట్ట తెచ్చి మా బల్ల మీద పెట్టాడు.