ఎవరో సంపాదించిన చోటు

 

ఈ సాయంకాలము మన ధ్యానమునకు యోహాను సువార్త నాల్గవ అధ్యాయము, 37, 38 వచనములు. బైబిలు దగ్గర ఉన్నవారు తెరిచి పెట్టుకోండి. శిష్యులు దున్నని చేనిలోకి వారిని పంపించానని, వారికంటె ముందు అక్కడ చెమటోడ్చినవారు వేరే ఉన్నారని ప్రభువు గుర్తు చేస్తున్నారు. ఈ మాట నాకు బాగా అర్థమైనది ఒక ఆట నియమములు చదివినప్పుడు. మంచు మీద ఆడే ఆట. మన ప్రాంతానికి దానితో సంబంధము లేదు. అయినా ఓపికగా వినండి.

శీతాకాల ఒలింపిక్స్ టీవీలో వచ్చినప్పుడు మీలో కొందరు చూసే ఉంటారు. దాని పేరు పెయిర్స్ ఫిగర్ స్కేటింగ్. అద్దములాంటి మంచు నేల. బూట్ల కింద సన్నని ఉక్కు పట్టీలు. ఒక యువకుడు, ఒక యువతి. అతడు జారుతూనే ఆమెను తలపైకి ఎత్తి, ఆ చివర నుండి ఈ చివరకు తీసుకువస్తాడు. విసిరితే ఆమె గాలిలో మూడు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగుతుంది. ఐస్ డాన్స్ అని మరొకటి ఉంది, అది వేరు. అందులో తలపైకి ఎత్తడాలు, విసరడాలు ఉండవు. ఇక్కడ ఒకరి పట్టు సడలితే రెండవవారి తల మంచుకు తగులుతుంది. అందుకే ఇందులోకి వచ్చేవారు తక్కువ.

ఇంతకూ ప్రపంచ పోటీకి ఏ దేశము నుండి ఎన్ని జంటలు రావాలో ఎవరు నిర్ణయిస్తారు? అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ వారు దీనికి ఒక లెక్క పెట్టారు. కనీస సాంకేతిక మార్కులు తెచ్చుకున్న జంట ఉంటే సభ్యదేశము ఏదైనా ఒక జంటను పంపవచ్చు. అంతకు మించి కావాలంటే ముందటి సంవత్సరము ప్రపంచ పోటీలో సంపాదించుకోవాలి. ఎంత సంపాదించినా మూడు దాటవు. ఒక్క జంటనే పంపిన దేశమైతే, ఆ జంట మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే మరుసటి ఏడాదికి మూడు చోట్లు. మూడు నుండి పది లోపల ఉంటే రెండు. పదకొండవ స్థానమైతే మళ్లీ ఒక్కటే.

రెండు జంటలు వెళ్తే ఇద్దరి స్థానాలూ కూడతారు. మొత్తము 13 లోపు ఉంటే మూడు చోట్లు, 28 లోపు ఉంటే రెండు. ఇక్కడ కొంచెము ఆగండి. ఒక జంట రెండవ స్థానములో నిలిచి వెండి పతకము మెడలో వేసుకున్నారు అనుకుందాం. వారి దేశపు రెండవ జంట పన్నెండవ స్థానములో ఉన్నారు. రెండూ పన్నెండూ పద్నాలుగు. మూడవ చోటు పోయింది! ఆ పన్నెండవ జంట ఒక్క మెట్టు పైన ఉంటే దక్కేది. పతకము వచ్చినవారి పేరే పత్రికలో పడుతుంది గాని, దేశానికి చోటు తెచ్చేది చాలాసార్లు ఆ వెనక ఉన్న జంటే. (మూడు జంటలు వెళ్తే మంచి స్థానాలు రెండే లెక్కిస్తారు. మూడవవారు కాస్త గాలి పీల్చుకోవచ్చు. మన సంఘ కమిటీలలో ఈ మూడవ వరుసలో కూర్చోవడానికి ఇష్టపడేవారు చాలామంది ఉన్నారు.)

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ చోటు సంపాదించిన జంటది కాదు. దేశానిది. మీరు కష్టపడి తెచ్చిన చోటులో మరుసటి ఏడాది ఎవరు నిలబడాలో మీ దేశపు సంఘము నిర్ణయిస్తుంది. అది మీరే కావచ్చు, కాకపోవచ్చు.

అమెరికా సంగతి చూడండి. 2018 ప్రపంచ పోటీలో వారి జంటలు వెనకబడినందున 2019కి వారికి ఒక్క చోటే మిగిలింది. ఆ చోటులో వెళ్లినవారు ఆష్లీ కెయిన్, టిమొతీ లెడ్యూక్. అంతకు మూడు నెలల ముందు, 2018 డిసెంబరులో, జాగ్రెబ్‌లో జరిగిన పోటీలో ఎత్తు నుండి దించుతుండగా ఆష్లీ తల మంచుకు బలంగా తగిలింది. అయినా కోలుకొని 2019 మార్చిలో జపానులోని సైతామాకు వెళ్లారు. పదిలోపు రావాలి, అప్పుడే తరువాతివారికి రెండవ చోటు. తొమ్మిదవ స్థానములో నిలిచారు. పతకము లేదు. పెద్ద పేరూ లేదు. చోటు మాత్రము వచ్చింది.

2020లో కోవిడ్ వలన ప్రపంచ పోటీ జరగలేదు. 2021లో స్టాక్‌హోమ్‌లో జరిగినప్పుడు అమెరికా నుండి రెండు జంటలు వెళ్లాయి. ఒకటి వీరిది. మరొకటి ఆ ఏడాది జాతీయ విజేతలైన అలెక్సా నైరిమ్, బ్రాండన్ ఫ్రేజియర్‌లది. సైతామాలో ఆ చోటు సంపాదించిన రోజున ఈ నైరిమ్-ఫ్రేజియర్ జంట అనేదే లేదు; వారు జత కూడినది 2020లో. ఇంకా పుట్టని జంటకు చోటు సిద్ధమైంది. స్టాక్‌హోమ్‌లో ఏడు, తొమ్మిది స్థానాలు, మొత్తము 16; కనుక రెండు చోట్లు నిలిచాయి. 2022లో నైరిమ్, ఫ్రేజియర్ ప్రపంచ విజేతలయ్యారు. అమెరికా జంటకు ఆ బంగారము 1979 తరువాత అదే.

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయులను హెచ్చరించిన మాటలు జ్ఞాపకము చేసుకోండి. తాము త్రవ్వని బావుల నీళ్లు త్రాగబోయే ప్రజలవి ఆ చెవులు. నేను వేదాంత కళాశాలకు వెళ్లిన సంవత్సరము మా సంఘాల నుండి పంపే అభ్యర్థులకు సీట్లు కొద్దిగానే ఉండేవి. నాకంటె ముందు వెళ్లిన ఇద్దరు అన్నలు బాగా చదివి, బాగా నడుచుకొని వచ్చారు గనుక మరుసటి ఏడాది కూడా మావారిని తీసుకున్నారు. ఆ అన్నలు నన్ను ఎరుగరు. నేను వారి సీటులో కూర్చొని గ్రీకు నేర్చుకున్నాను.

ఇక ఒలింపిక్స్ సంగతికి వద్దాం. 2018లో దక్షిణ కొరియాలోని ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు నియమము ప్రకారము ఇరవై జంటలు. అందులో పదహారు చోట్లు 2017 ప్రపంచ పోటీ నుండి. మిగిలిన నాలుగు 2017 సెప్టెంబరులో జర్మనీలో జరిగిన నెబెల్‌హార్న్ ట్రోఫీ నుండి. అక్కడికి ఉత్తర కొరియా నుండి ర్యోమ్ తే-ఓక్ అనే అమ్మాయి, కిమ్ జు-సిక్ అనే యువకుడు వచ్చారు. ఆ వేసవిలో కెనడాలోని మాంట్రియల్ వెళ్లి బ్రూనో మార్కోట్ అనే శిక్షకుని దగ్గర నేర్చుకున్నారు. ఆరవ స్థానములో నిలిచి తమ దేశానికి చోటు సంపాదించారు. ఎవరి దయా కాదు, మార్కుల మీద వచ్చినదే.

అయితే ఆ చోటు మాకు కావాలని దేశపు ఒలింపిక్ సంఘము గడువులోగా తెలియజేయాలి. గడువు అక్టోబరు 30. ఆ తేదీ దాటిపోయింది. ఉత్తర కొరియా నుండి జవాబు వెళ్లలేదు. చోటు వరుసలో తరువాత ఉన్న జపానుకు వెళ్లిపోయింది.

ప్రియులారా, ఆ ఇద్దరి కాలు మంచు మీద జారలేదు. పోయినది బల్ల మీద. మన సంఘాలలో ఉత్తరాలు వ్రాసేవారిని, ఫారములు నింపి గడువు లోపల పంపేవారిని మనము పరిచారకులుగా లెక్కించము. ప్రసంగము చేసేవాడే సేవకుడు, పాట పాడేవాడే సేవకుడు. ఒక విధవరాలి పింఛను కాగితము, ఒక పిల్లవాడి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎవరి బల్ల మీద ఆగిపోయిందో వెళ్లి చూడండి. అక్కడ ఎవరో కష్టపడి సంపాదించిన చోటు ఖాళీగా పోతూ ఉంటుంది. నా దృష్టిలో అది చిన్న పాపము కాదు.

2018 జనవరిలో రెండు కొరియాల మధ్య మాటలు మొదలయ్యాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఉత్తర కొరియా జంటకు అదనపు చోటు ఇచ్చింది. జపానుకు ఇచ్చినది వెనక్కి తీసుకోలేదు. ఇంకొక కుర్చీ వేశారు. ఆతిథ్య దేశపు జంటతో కలిపి మొత్తము ఇరవై రెండు జంటలు. ర్యోమ్, కిమ్ పదమూడవ స్థానములో నిలిచారు. అప్పటికి వారి జీవితములో అంత మంచి మార్కులు అవే.

మరి జపాను జంట? మియు సుజాకి, ర్యూయిచి కిహారా. వదిలిపోయిన చోటులో వచ్చినవారు. ఇరవై రెండు జంటలలో ఇరవై ఒకటవ స్థానము. రెండవ రోజు ఆడే పదహారు జంటలలో వారు లేరు. జంటల పోటీలో ఒక్క రోజు, మూడు నిమిషములు కూడా నిండని ఆట, అంతే. ఇంతోటి దానికి ఆ చోటు ఎందుకు అని ఎవరైనా అని ఉంటే తప్పు పట్టలేము.

ఆ తరువాత ఆ జంట విడిపోయింది. కిహారా నగోయాలో ఒక ఐస్ రింకులో చిన్న ఉద్యోగము చేసుకుంటూ ఆట మానేద్దామనే ఆలోచనలో పడ్డాడు. 2019లో రికు మియురా అనే అమ్మాయి అతనితో జత కట్టి చూద్దామని అడిగింది. ఇద్దరూ కెనడా వెళ్లారు. అక్కడ వారికి శిక్షకుడు ఎవరనుకున్నారు? ఉత్తర కొరియా జంటకు నేర్పిన ఆ బ్రూనో మార్కోటే.

2021లో పదవ స్థానము. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఏడవది. 2023 మార్చిలో, ఇందాక చెప్పుకున్న ఆ సైతామాలోనే, మియురా, కిహారా ప్రపంచ విజేతలయ్యారు. జపాను జంట అంత ఎత్తుకు వెళ్లడము అదే మొదలు. మొదటి స్థానములో నిలిచిన ఒక్క జంట దేశానికి ఎన్ని చోట్లు తెస్తుందో ఇందాక లెక్క చెప్పుకున్నాం కదా. మూడు. ఒకటి వారిది అనుకుంటే మిగిలిన రెండూ వెనక వచ్చేవారివి.

సమయము అయిపోయింది. వచ్చే వారము ఇదే వేళకు, ఆ సమరయ స్త్రీ కుండ విడిచిపెట్టి ఊరిలోనికి వెళ్లిన దగ్గర నుండి చదువుకుందాం. ప్రార్థన మనవులు ఉన్నవారు ఉత్తరము వ్రాయండి. అందిన ప్రతి ఉత్తరానికీ జవాబు వ్రాస్తాము.