గొంతును బట్టి మైకు: ఇంట్లో పాట రికార్డు చేసుకోవడానికి ఏం కొనాలి?

మాటలు మొదలుపెట్టే ముందు రెండు క్లిప్పులు వినిపిస్తా. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

(క్లిప్ 1: పద్యం చివర రాగం, మగ గొంతు)

(క్లిప్ 2: జోలపాట, అమ్మాయి గొంతు)

మొదటిది మా బాబాయి. తెనాలి పక్క పల్లెల్లో ముప్పై ఏళ్ళుగా పద్యనాటకాల్లో శ్రీకృష్ణ వేషం కడుతున్నాడు. రెండోది చిలకలూరిపేటలో మా పక్కింటి అమ్మాయి. డిగ్రీ చదువుతోంది, పాత సినిమా పాటలు బాగా పాడుతుంది. ఇద్దరికీ ఒకటే మైకు, ఒకటే సౌండ్ కార్డు, ఒకటే గది పెట్టాను. బాబాయి పద్యం బావిలోంచి వస్తున్నట్టుంది. అమ్మాయి పాట వెనకాల పొయ్యి మీద పోపు వేస్తున్నట్టు ఒకటే సుయ్‌మని చప్పుడు. సామాను ఒకటే, జబ్బులు మాత్రం రెండు. ఇవాళ్టి వీడియో దాని గురించే.

"ఇరవై వేలు ఉన్నాయి అన్నా, మంచి మైకు, మంచి ప్రీఆంప్ చెప్పు" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను ముందు అడిగేది ఒక్కటే. మీది వెనక వరస దాకా వినపడే గొంతా, చెవి దగ్గర చెప్పే గొంతా?

మన గుంటూరు గడ్డ మీద ఈ రెండు రకాలూ పుట్టాయి. ఈలపాట రఘురామయ్య గారిది సుద్దపల్లి. 1901లో పుట్టారు. నాటకం అంటే గొంతు బలమే అనుకునే రోజుల్లో స్టేజీ ఎక్కిన తరం వాళ్ళది. సినిమా పాటల ఎస్. జానకి గారిది రేపల్లె దగ్గర పల్లపట్ల, పుట్టింది 1938లో. ఆవిడ పాటలో ఊపిరి కూడా వినపడుతుంది. ఆ ఊపిరి మన దాకా వచ్చిందంటే మైకు పుణ్యమే. ఒకటి మైకు రాకముందు పెరిగిన గాత్రం, ఇంకోటి మైకు వచ్చాక విచ్చుకున్న గాత్రం. ఇద్దరికీ ఒకే మైకు కొనిస్తే ఎట్లా?

ముందు బాబాయి సంగతి చూద్దాం.

పద్యం పాడేవాళ్ళకి డైనమిక్ మైకు చాలు. ఊళ్ళో మైకుసెట్టు వాళ్ళ దగ్గర కనపడేది, చేత్తో పట్టుకునేది, అదే. షూర్ ఎస్ఎం58 అని 1966లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. దానికి పెట్టలేకపోతే బెరింజర్ ఎక్స్‌ఎమ్8500 బాగా చౌక, మొదటి మైకుగా నాకు దాని మీద ఫిర్యాదు లేదు. ఎస్ఎం58 కొనేవాళ్ళు మాత్రం నమ్మకమైన డీలర్ దగ్గరే కొనండి. దానికి ఉన్నన్ని నకిలీలు ఇంకే మైకుకీ ఉండవేమో. సగం ధరకి ఇస్తున్నారంటే అది అసలుది అయ్యుండదు.

డైనమిక్ మైకులో కరెంటు చాలా సన్నగా పుడుతుంది. 94 డెసిబెళ్ళ శబ్దం తగిలితే ఎస్ఎం58 ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు. దాన్ని కంప్యూటర్‌కి పనికొచ్చేంత పెంచేదే ప్రీఆంప్. ఇప్పుడు మనం కొనే యూఎస్‌బీ సౌండ్ కార్డు లోపల అది ఉండే వస్తుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో నాలుగో తరం కార్డు 57 డెసిబెళ్ళ దాకా పెంచుతుంది. మా బాబాయి జానెడు దూరంలో రాగం తీస్తే వంద డెసిబెళ్ళు దాటడం పెద్ద విశేషం కాదు. ఆయనకి ఆ గెయిన్ నాబ్ మూడొంతులు కూడా తిప్పక్కర్లేదు. విడిగా ప్రీఆంప్ కొనమని ఆయనకి ఎవరైనా చెబితే, ఎండాకాలంలో రగ్గు అమ్ముతున్నట్టే.

మరి బావి గొంతు ఎందుకొచ్చింది?

ఇక్కడ నేనే తప్పులో కాలేశాను. గొంతు పెద్దదైతే గది సమస్య ఉండదనుకున్నా. ఫ్యాను చప్పుడు విషయంలో అది నిజమే, ఆయన గొంతు ముందు ఫ్యాను ఎంత? కానీ ప్రతిధ్వని వేరు. అది ఆయన గొంతే. స్లాబు కప్పు, గ్రానైట్ నేల, సున్నం గోడలు. ఆయన ఎంత గట్టిగా పాడితే గోడలు అంత గట్టిగా తిరిగి పాడతాయి. గొంతు పెంచి దాన్ని ఓడించడం కుదరదు. మైకుకి దగ్గరికి జరగాలి, లేదా గోడల నోరు మూయాలి.

డైనమిక్ మైకు గది శబ్దం తీసుకోదని ఒక మాట తిరుగుతోంది కదా, అది సగమే నిజం. ఎస్ఎం58 అయినా, కాసేపట్లో చెప్పబోయే కండెన్సర్ మైకు ఆడియో టెక్నికా ఎటి2020 అయినా, రెండూ ముందు వైపు వినే కార్డియాయిడ్ రకాలే. డైనమిక్‌ని పెదాల దగ్గర పెట్టుకుంటాం, కండెన్సర్‌ని జానెడు అవతల పెడతాం. తేడా అక్కడుంది. దూరం రెండింతలైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది, గది మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది.

గోడల నోరు మూయడానికి ఆన్‌లైన్‌లో అంగుళం మందం ఫోమ్ ముక్కలు అమ్ముతున్నారు. వాటిని కొనకండి. మెత్తటి పదార్థం గట్టిగా పనిచేసేది, దాని మందానికి నాలుగింతల పొడవున్న శబ్ద తరంగం నుంచి పైకి. అంగుళం ఫోమ్ అంటే సుమారు 3,400 హెర్ట్జ్ పైన. అంటే "స", "శ" లు నొక్కేస్తుంది, గొంతులో గుమ్మని మోగే భాగాన్ని వదిలేస్తుంది. పాట డబ్బాలో కూర్చుని పాడినట్టవుతుంది.

పత్తి పండే నేల మీద కూర్చుని ఫోమ్ కొనడం నాకైతే నామోషీ అండి. నాలుగంగుళాల దూది పరుపు తీసుకోండి, అది 850 హెర్ట్జ్ దగ్గర్నుంచే బాగా తాగేస్తుంది. గోడకి ఆనించకుండా ఇంకో నాలుగంగుళాలు ఎడం వదిలితే 425 దాకా దిగుతుంది. మేం ఏం చేశామంటే, నులకమంచం నిలబెట్టి దాని మీద పరుపు వేలాడదీశాం. మంచం కోళ్ళ పుణ్యాన ఎడం దానంతటదే వచ్చింది. పరుపు గడ్డకట్టిపోయి ఉంటే లాభం లేదు, పోగుల మధ్య గాలి ఆడాలి. గాలి ఆ పోగులకి రాసుకుని వేడైపోవడమే శబ్దం చచ్చిపోవడం. ఒకసారి దూది ఏకించుకోండి. బుర్రకథ అంటే గుర్తొచ్చే షేక్ నాజర్ గారిది మన పొన్నెకల్లే. ఆయన ఆత్మకథ పేరు "పింజారి". దూది ఏకే ఇంటి నుంచి అంత గొంతు వచ్చింది. మన పాటకి ఆ దూది అక్కరకొస్తే సంతోషమే కదా.

పరుపు ఎక్కడ పెట్టాలి? అందరూ మైకు వెనకాల పెడతారు. మైకు చూసేది మీ వైపు. అంటే మీ వెనక గోడనే అది ఎక్కువగా వింటుంది. కాబట్టి పరుపు మీ వీపు వెనకాల ఉండాలి. ఒకాయన పరుపు బదులు మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, పేరిస్తే ఎట్లా ఉంటుందని అడిగాడు. శబ్దం సంగతి ఏమో గానీ, రెండో చరణానికి అందరం దగ్గుతూ బయటికి వస్తాం.

(క్లిప్ 3: అదే పద్యం, పరుపు పెట్టాక)

"ఏరా అబ్బాయ్, మైకు మార్చావా?" అన్నాడు బాబాయి. మార్చలేదు.

ఇప్పుడు అమ్మాయి సంగతి. ఈ అమ్మాయికి ప్రతిధ్వని పెద్ద బాధ కాదు, పెదాలు మైకుకి దగ్గరగా పెట్టే పాడుతుంది. ఆమె గొంతు చిన్నది. బాబాయి మైకు ఆమెకిస్తే గెయిన్ నాబ్ చివరికంటా తిప్పాల్సొచ్చింది, దాంతో సుయ్‌మనే చప్పుడు పైకొచ్చింది. సరిగ్గా ఇక్కడే మనకి ప్రీఆంప్ అమ్ముతారు. క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్ ఒకటి మధ్యలో తగిలిస్తే 25 డెసిబెళ్ళు పెరుగుతుంది, నిజమే. షూర్ ఎస్ఎం7బి లాంటి మైకులకి కనీసం 60 డెసిబెళ్ళ గెయిన్ కావాలి, అవి ఉన్నవాళ్ళకి బూస్టర్ అవసరపడొచ్చు. మనకెందుకు?

లెక్క చూడండి. కండెన్సర్ మైకు ఆడియో టెక్నికా ఎటి2020 అదే 94 డెసిబెళ్ళకి 14.1 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఎస్ఎం58 కంటే ఏడున్నర రెట్లు. అంటే డెసిబెళ్ళలో చూస్తే, బూస్టర్ చేసే పనిలో దాదాపు ముప్పాతిక వంతు మైకే చేసి పెడుతోంది. దానికి కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కార్డు మీద బటన్ నొక్కితే వస్తుంది. ప్రీఆంప్‌కి పెట్టే డబ్బు మైకులో పెట్టేయండి.

ఇంకో మాట. ప్రీఆంప్ ఎంత ఖరీదైనదైతే అంత నిశ్శబ్దం అనుకుంటాం. దానికో హద్దుంది. 150 ఓముల మైకులో ఎలక్ట్రాన్లు వేడికి కదులుతుంటేనే కొంత చప్పుడు పుడుతుంది, అది సుమారు మైనస్ 131 డిబియు. ప్రపంచంలో ఏ ప్రీఆంప్ అయినా దానికంటే కిందికి వెళ్ళలేదు. ఇప్పుడొచ్చే మామూలు మంచి కార్డులు మైనస్ 127, 128 దగ్గరున్నాయి. లక్ష పోసినా ఈ చప్పుడులో మీకు దక్కేది మూడు నాలుగు డెసిబెళ్ళు.

కండెన్సర్‌లోనూ సొంత రొద అని ఒక అంకె ఉంటుంది. ఎటి2020కి 20 డెసిబెళ్ళు, రోడ్ ఎన్‌టీ1కి 4. రెండోది చాలా గొప్ప మైకు, కాదనను. కానీ మన గదిలో సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే నలభై డెసిబెళ్ళ పైమాటే. ఆ ఫ్యాను కింద 20కీ 4కీ తేడా ఎవరికి వినపడుతుంది? బాబాయికి ఫ్యాను లెక్కలేదు, ఈ అమ్మాయికి ఫ్యానే శత్రువు. ఫ్యాను ఆపగలిగితేనే, వీధి సద్దుమణిగాక పాడగలిగితేనే, ఎన్‌టీ1 గురించి ఆలోచించండి. మే నెలలో అయితే తెల్లారుజామున నాలుగు గంటలకి లేవడం తప్ప దారి లేదు.

నా సొంత దెబ్బ కూడా చెప్పేస్తా. మొదట్లో ఆన్‌లైన్‌లో పన్నెండొందలకి "స్టూడియో కిట్" అని ఒకటి కొన్నా. మైకు, స్టాండు, పాప్ ఫిల్టర్, అన్నీ వచ్చాయి. వైరు చివర ఫోన్ జాక్ ఉంది. ఆ జాక్‌లో 48 వోల్టులు ఎక్కడినుంచి వస్తాయి? వాయిస్ చీమంత వచ్చింది. ఇంకోసారి, పెద్ద గిటార్ జాక్ ఉన్న వైరుతో డైనమిక్ మైకుని కార్డుకి తగిలించా. అటువైపు వెళ్తే మైకు ప్రీఆంప్ దారికే రాదు. రెండు చివర్లా మూడు పిన్నులుండే ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు అడిగి తీసుకోండి.

జుమ్మని హమ్ వస్తుంటే మైకుని తిట్టే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద ఒకసారి రికార్డు చేయండి. రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగ్ సరిగా లేని ఇల్లు, కరెంటు పోయినప్పుడు నడిచే చౌకరకం ఇన్వర్టర్, మన దగ్గర హమ్‌కి కారణాలు ఎక్కువగా ఇవే.

లెవెల్ పెట్టడం: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, పైకి లేచిన చోట మైనస్ 12 డెసిబెళ్ళ దగ్గర ఆగాలి. ఆడాసిటీ ఉచితమే, అది చాలు. ఒక్క జాగ్రత్త, పద్యం వాళ్ళు సౌండ్ చెక్‌లో సగం గొంతుతో పాడతారు, టేక్‌లో రాగానికి పూనకం వస్తుంది. చివరి రాగమే ముందు పాడించి లెవెల్ పెట్టండి. బాపట్ల, చీరాల వైపు ఉప్పుగాలి ఉండేవాళ్ళు కండెన్సర్‌ని స్టాండు మీద వదిలేయకుండా సిలికా జెల్ పొట్లం వేసి డబ్బాలో పెట్టుకోండి. కల్లాల్లో మిర్చి ఆరే నెలల్లో ఆ దుమ్ము కూడా తోడవుతుంది.

బాబాయి దగ్గర ఇప్పుడు చౌక డైనమిక్, మామూలు కార్డు, ఒక మంచం, ఒక పరుపు ఉన్నాయి. అమ్మాయి ఎటి2020 తీసుకుంది, కార్డు అదే రకం. ఇద్దరిలో ఎవరూ విడిగా ప్రీఆంప్ కొనలేదు.

ఇక మీరు ఏదైనా ఆర్డర్ పెట్టే ముందు ఒక్క పని చేయండి. పాడే గదిలో ఫోను రికార్డింగ్‌లో పెట్టి, ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి, తర్వాత పది సెకన్లు ఊరికే నిలబడండి. ఆ ఫైలు హెడ్‌ఫోన్స్‌లో వినండి. చప్పట్లు గింగురుమన్నాయా, పది సెకన్లలో ఫ్యాను వినపడిందా, రెండూనా? అది తేలాక మీ గొంతు రకం, మీ బడ్జెట్ నాకు రాసి పంపండి, ఏ మైకో అప్పుడు చెబుతా.