పనిలేని గోపురాలు



మన పర్చూరు చుట్టుపక్కల ఎక్కడ నాలుగు గోడలు లేచినా అవి దేనికోసమో ఒకరు చెప్పనక్కర్లేదు. కోల్డ్ స్టోరేజీ అయితే మిర్చి టిక్కీలకు, జిన్నింగు మిల్లయితే పత్తికి, పొలం మధ్య ఎత్తుగా, నలుచదరంగా నిలబడితే అది పొగాకు బ్యారను. ఏ పనీ లేని కట్టడం ఎవరైనా లేపితే ఊరు ఊరుకోదు. "డబ్బులెక్కువైనాయా?" అని మొహానే అడుగుతుంది. ఆ ప్రశ్న అడగదగ్గ కట్టడాలు ఇంగ్లండు పల్లెల్లో కోకొల్లలు. అక్కడివాళ్లు వాటిని ఫాలీలంటారు. చూస్తే కోటలా ఉంటుంది, లోపల సైన్యం ఉండదు. గుడిలా ఉంటుంది, దేవుడుండడు. ఈ పూట వాటి గురించీ, మన వైపున్న వాటి చుట్టాల గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ససెక్స్ ప్రాంతంలో బ్రైట్‌లింగ్ అని ఒక పల్లె. రెండు వందల ఏళ్ల కిందట అక్కడి భూస్వామి జాక్ ఫుల్లర్. జమైకా దీవిలో బానిసల చేత చేయించే చెరకు తోటలు ఆ కుటుంబానివి. పార్లమెంటు సభ్యుడు కూడానూ. 1810లో తాగి సభకొచ్చి స్పీకర్ని నోటికొచ్చినట్టు తిడితే పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయారు. ఈయనగారు ఒకసారి స్నేహితులతో పందెం కాశాడట, మా ఇంట్లోంచి చూస్తే డాలింగ్టన్ చర్చి శిఖరం కనిపిస్తుందని. తీరా ఇంటికొచ్చి చూస్తే మధ్యలో మెరక అడ్డం. ఓడిపోయానని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కంటికి ఆనే గట్టు మీద అచ్చం చర్చి శిఖరం కొసలాంటి రాతి శంకువు ఒకటి హడావిడిగా కట్టించి, పందెం నెగ్గాననిపించుకున్నాడు. కథ ఎంతవరకు నిజమోగాని కట్టడం మాత్రం నిజమే, ఇవాళ్టికీ ఉంది. ముప్ఫై అయిదడుగుల ఎత్తు. ఆ రోజుల్లో పంచదార అదే ఆకారంలో దిమ్మలుగా వచ్చేది కాబట్టి దాన్ని షుగర్ లోఫ్ అన్నారు. దూరం నుంచి చూస్తే చర్చి. దగ్గరికి వెళితే గరుకు రాళ్లు పేర్చిన గుండ్రటి గోడ, అందులోకి దూరడానికి ఒక వాకిలి. విడ్డూరమేమిటంటే, కళ్లు కప్పడానికి కట్టిన ఆ శంకువులో రెండంతస్తులు అమర్చుకుని 1930ల దాకా మనుషులు కాపురమున్నారు.

ఇదే పెద్దమనిషి బతికుండగానే, 1811లో, ఊరి చర్చి ఆవరణలో తన సమాధిగా పిరమిడ్ కట్టించుకున్నాడు. 1834లో పోయాడు. టోపీ పెట్టుకుని, చేతిలో వైను సీసాతో, కుర్చీలో కూర్చున్నట్టే ఆయన్ని అందులో ఉంచారని నూట యాభై ఏళ్లు ఊరంతా చెప్పుకుంది. 1982లో బాగుచేతకని తెరిస్తే కుర్చీ లేదు, సీసా లేదు. అందరి మాదిరిగానే నేల కిందున్నాడు. జనం ఆయన్ని పిచ్చి జాక్ అన్నారుగాని, పడగొట్టడానికి సిద్ధమైన బోడియం కోటను సొంత డబ్బుతో కొని నిలబెట్టింది ఆయనే. శాస్త్రవేత్త ఫారడే కూర్చున్న ఆచార్య పీఠానికి నిధి ఇచ్చిందీ ఆయనే. పిచ్చి కొన్ని విషయాల్లోనే అన్నమాట.

ఇంకొంతమంది కొత్తగా శిథిలాలు కట్టించారు. మీరు విన్నది సరిగ్గానే ఉంది. వూస్టర్‌షైర్‌లో హాగ్లీ అనే చోట 1747 ప్రాంతంలో శాండర్సన్ మిల్లర్ ఒక పాడుబడ్డ కోట కట్టాడు. నాలుగు బురుజుల్లో ఒకదాన్ని పూర్తి ఎత్తు లేపి, మిగతావి కూలిపోయినట్టు సగంలో ఆపాడు. మన దగ్గర పొగాకు మానేసిన రైతుల బ్యారన్లు కప్పు పోయి, గోడ పగిలి, వాటంతటవే శిథిలాలవుతున్నాయి. అక్కడ దానికి మేస్త్రీని పెట్టి కూలి ఇచ్చారు. సర్రే ప్రాంతంలో పెయిన్స్‌హిల్ తోట యజమాని చార్లెస్ హామిల్టన్ మరో మెట్టు పైకెక్కాడు. తోటలో ఆశ్రమం వేయించి, అందులో ఉండటానికి ఒక మునిని జీతానికి పిలిచాడు. గడ్డం గీయకూడదు, గోళ్లు తీయకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. అలా ఏడేళ్లుంటే ఏడు వందల గినీలు. చేరిన ముని మూడు వారాలకే సారాయంగడిలో దొరికిపోయాడని చెప్పుకుంటారు.

వింతగానే ఉంది. ఇంత డబ్బు ఎక్కడిదని అడిగితే మాత్రం కథ మన దేశం వైపు తిరుగుతుంది. గ్లస్టర్‌షైర్‌లో సెజిన్‌కోట్ అనే భవనం ఉంది. ఈస్టిండియా కంపెనీలో గడించి వెళ్లిన చార్లెస్ కాకరెల్ 1805 ప్రాంతంలో దాన్ని మొగలు పద్ధతిలో మార్పించుకున్నాడు. గీసిచ్చినవాడు సొంత అన్న. నెత్తిన రాగి గుమ్మటం. తోటలో సూర్యుడికి చిన్న గుడి, దాని కింద నీటిగుంట, వంతెన పిట్టగోడ మీద వరసగా కూర్చున్న నంది బొమ్మలు. శివుడు లేని ఊళ్లో నందులు! వాటికి సలహాదారు, మన దేశమంతా తిరిగి బొమ్మలు గీసుకుపోయిన థామస్ డేనియల్.

సరిగ్గా ఆ ఏళ్లలోనే మన గుంటూరు సీమలో ఏం జరుగుతోంది? 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టారు. జమీందారు పని శిస్తు వసూలు చేసి కట్టడం, అంతే. సైన్యం, యుద్ధం, శిక్ష వేసే అధికారం, వీటి మీద పట్టు కంపెనీదైంది. ఏనుగులున్నాయి, నగారాలున్నాయి, ఖజానా ఉంది, చేయడానికి రాచపని లేదు. ఆ రోజుల్లోనే ఇక్కడి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గోపురాలు కట్టాడు. చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త రాజధాని పెట్టుకున్నాడు, ఊరూరా గుళ్లు కట్టించాడు. చెంచులను విందుకని పిలిచి నరికించాడనీ, ఆ పాపం తలకెక్కి అన్నం పురుగులుగా కనిపించిందనీ, ఆ ప్రాయశ్చిత్తమే ఈ గుళ్లనీ ఒక కథ ఉంది. నరుకుళ్లపాడు అనే ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందంటారు. పాపభయం ఉండొచ్చు. కత్తి పక్కన పెట్టించిన రాజుకు తన పేరు ఆకాశానికి ఎత్తుకునే దారి ఇదొక్కటే మిగిలిందని మాత్రం నా లెక్క. అదే అమరావతిలో కొత్త ఇళ్లకు రాయి కోసం దీపాలదిన్నెను తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. ఆ వింత విని కంపెనీ ఉద్యోగి మెకంజీ చూడటానికొచ్చాడు. చెక్కిన ఫలకాలు కొన్ని గోడల్లో, మెట్లలో కలిసిపోయాయి. మిగిలినవాటిలో చాలా భాగం లండనుకూ చెన్నపట్నానికీ చేరింది.

మంగళగిరి గాలిగోపురం ఆయనదే. 1807 నుంచి 1809 దాకా కట్టారు. పదకొండు అంతస్తులు, నూట యాభై మూడు అడుగుల ఎత్తు, వెడల్పు చూస్తే నలభై తొమ్మిదడుగులే. ఈసారి వెళ్లినప్పుడు వాకిట్లోంచి దణ్ణం పెట్టుకుని లోపలికి పోకుండా, కాస్త పక్కకొచ్చి ఓరగా చూడండి. ఇంత సన్నటి మొదలు మీద అంత ఎత్తు ఎలా నిలిచిందా అని భయమేస్తుంది. ఆ భయం కట్టిన రోజుల్లోనే పుట్టింది. గోపురం ఒక పక్కకు ఒరిగిందనీ, కంచి నుంచి వచ్చిన శిల్పులు ఎదురు దిక్కున కోనేరు తవ్వించమన్నారనీ, తవ్వాక గోపురం నిలువుగా సర్దుకుందనీ మంగళగిరిలో ఎవర్నడిగినా చెబుతారు. మట్టి పని తెలిసిన ఇంజనీరు ఎవరైనా దీనికి లెక్క కట్టి చెబితే వినాలనుంది.

గుడి గోపురాన్ని ఇంగ్లీషు దొర పందెం శంకువుతో కలుపుతావా అని మీలో కొందరికి కోపం రావచ్చు. న్యాయమే. గోపురానికి లోపల నరసింహస్వామి ఉన్నాడు. ఫుల్లర్ తన కిటికీలోంచి తాను చూసుకోవడానికి కట్టుకున్నాడు, వెంకటాద్రి నాయుడు వీధి వాకిట్లో కట్టాడు, దాని కిందుగా ఎవరైనా నడిచిపోవచ్చు. కానీ స్వామికి దారి ఇవ్వడానికి పదకొండు అంతస్తులు అక్కర్లేదు కదా. ఆ పైనున్న ఎత్తంతా రాజుగారిదే. చీరాల నుంచి బాపట్ల, పొన్నూరు మీదుగా గుంటూరు వెళ్లేవాళ్లు చేబ్రోలులో దిగితే ఆయన కట్టించిన ఇంకో ముచ్చట కనిపిస్తుంది. కోనేటి నడుమ గుడి, అందులో చతుర్ముఖ బ్రహ్మ. నీళ్ల మధ్య గుడి పెట్టడం అవసరం కొద్దీ చేసే పని కాదు.

హైదరాబాదులో అయితే అచ్చమైన ఫాలీయే ఉంది. మలక్‌పేట దగ్గర గుట్ట మీద పైగా అనే నవాబుల వంశానికి చెందిన సర్ అస్మాన్ జా 1885లో కట్టించిన అస్మాన్‌గఢ్. గ్రానైటు గోడలు, బురుజులు, ఐరోపా కోటకు నకలు. ముట్టడించే శత్రువు ఎవడూ లేడు. వేటకు వెళ్లినప్పుడు విడిది చేయడానికి కట్టారు. తరవాత్తరవాత అందులో బడి పెట్టారు.

కట్టినవాడు పోయాక ఇలాంటి వాటికి ఎవరో ఒకరు పని చూపిస్తారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఫారింగ్‌డన్ గుట్ట మీద 1935లో లార్డ్ బెర్నర్స్ నూరడుగుల గోపురం కట్టాడు. పావురాలకు రంగులద్ది తోటలో ఎగరేసే మనిషి. ఈ గోపురం ఎవరికీ ఎందుకూ పనికిరాదు, అదే దాని గొప్ప అని వాదించేవాడు. అయిదేళ్లు తిరక్కుండా యుద్ధమొచ్చి కాపలావాళ్లు దానిపైకెక్కి నిఘా పెట్టారు. మన గుంటూరులో ఆరు స్తంభాల మీద గుమ్మటం నిలబెట్టిన జిన్నా టవర్ సంగతే చూడండి. 1940ల నాటిది, 2022లో మూడు రంగులు వేశారు. దాని పేరు మీద ఎన్ని వాదాలున్నా, ఆటో ఎక్కి సెంటర్ పేరు చెప్పడానికి ఊరందరికీ అక్కరకొస్తోంది.

చివరగా వీటన్నిటికీ ఎదురు కథ. ఇంగ్లండులోనే స్టోక్ రో అనే పల్లెలో మన పద్ధతి గుమ్మటం, దాని కింద పోతపోసిన ఏనుగు బొమ్మ ఉన్నాయి. ఏ దొరగారి సరదానో అనుకుంటాం. గుమ్మటం కింద ఉన్నది మంచినీళ్ల బావి. ఆ వైపు పుట్టి మన దేశంలో ఉద్యోగం చేసిన ఎడ్వర్డ్ రీడ్, తన ఊరి నీళ్ల కరువు గురించి కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ సింగ్‌తో చెప్పాడు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లు తాగేశాడని తల్లి చేతిలో దెబ్బలు తిన్న పిల్లాడి సంగతి కూడా చెప్పాడట. సాగర్ కాలువకు నీళ్లు ఎప్పుడొదులుతారా, చెరువు ఎప్పుడు నింపుకుందామా అని ఎదురుచూసే మనకు ఆ తల్లి బాధ అర్థమవుతుంది. రాజుగారు డబ్బు పంపారు. నాలుగడుగుల వెడల్పున, మూడు వందల అరవై ఎనిమిది అడుగుల లోతుకు మనుషులే చేతులతో తవ్వారు. మంగళగిరి గోపురాన్ని రెండుసార్లు నిలువునా దించినా ఇంకా అరవై అడుగులు మిగులుతుంది. 1864 మే 24న తెరిచారు. దాదాపు డెబ్భై ఏళ్లు ఊరు ఆ నీళ్లే తాగింది. బావి బాగోగులకని పక్కన చెర్రీ తోట కూడా వేయించారు. పళ్లమ్మగా వచ్చిన డబ్బు బావి ఖర్చుకు జమ.