స్క్రిప్టు చేతికిచ్చే అధికారం

పట్టాలు అందుకున్న మీకు ఈ చుట్టుపక్కల మొదటి ఉద్యోగం దొరికే చోట్లు చాలా రకాలు. ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థ ఉంది, హబ్సిగూడలో పరిశోధనాలయాలున్నాయి, పోచారంలో ఇన్ఫోసిస్ ఉంది, నాచారం పారిశ్రామికవాడలో కంప్యూటర్ల పనంతా ఒక్కరే చూసుకునే చిన్న యూనిట్లూ ఉన్నాయి. ఎక్కడ చేరినా, మీలో సిస్టమ్ అడ్మిన్లు అయ్యేవాళ్ళు తొందర్లోనే ఒక స్క్రిప్టు రాస్తారు. అర్ధరాత్రి దాటాక డేటాబేస్ బ్యాకప్ తీయడం, పాత ఫైళ్ళు చెరపడం, అయిపోయిందని మెయిల్ పంపడం దాని పని. దానికి పాస్‌వర్డ్ కావాలి కాబట్టి, పని త్వరగా తెమిలిపోవాలని పాస్‌వర్డ్‌ను ఆ ఫైల్లోనే రాసేస్తారు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ ఒక్క లైను గురించి. స్క్రిప్టు అంటే మీరు నిద్రపోతున్నప్పుడు కూడా మీ అధికారంతో పనిచేసే మరో మనిషి. అందుకని దానికి ఎంత పని ఉందో అంత అధికారమే ఇవ్వాలి, వీసమెత్తు కూడా ఎక్కువ ఇవ్వకూడదు.

దూరం వెళ్ళక్కర్లేదు. 2022 జనవరిలో మన హైదరాబాదులోని మహేష్ కోఆపరేటివ్ బ్యాంకు నుంచి పన్నెండు కోట్లకు పైగా సొమ్ము హ్యాకర్లు తరలించారు. మొదలు మామూలే: అంతకు రెండు నెలల ముందు ఉద్యోగులకు ఫిషింగ్ మెయిళ్ళు వచ్చాయి, ఒకరిద్దరు క్లిక్ చేశారు. అసలు సంగతి పోలీసుల దర్యాప్తులో తేలింది. బ్యాంకులో సూపర్ యూజర్లు దాదాపు పది మంది ఉన్నారు, వాళ్ళలో కొందరి పాస్‌వర్డ్ ఒకటే. అంటే దొంగ ఒక గది తలుపు తీస్తే ఇల్లంతా తెరుచుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో ఉబర్ సంస్థలో చొరబడిన వ్యక్తి తానే చెప్పుకున్న ప్రకారం, లోపలి షేర్డ్ ఫోల్డర్‌లో అతనికి ఒక పవర్‌షెల్ స్క్రిప్టు దొరికింది. కంపెనీ పాస్‌వర్డ్లన్నీ దాచే వ్యవస్థకే అడ్మిన్ పాస్‌వర్డ్ అందులో రాసి ఉంది. రెండుచోట్లా లోపలికి వచ్చినవాడి తెలివికన్నా, లోపల అతని కోసం సిద్ధంగా ఉన్న అధికారమే పెద్దది.

లోపలి నెట్‌వర్కే కదా, బయటివాళ్ళు ఎలా చూస్తారు అని మీ సీనియర్లు అడుగుతారు. గ్రూప్స్‌కు చదివినవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు, వాళ్ళకు ఈ జవాబు చెప్పక్కర్లేదు. 2022 అక్టోబరులో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ జరిపిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను ప్రశ్నపత్రాల లీకు కారణంగా మరుసటి మార్చిలో రద్దు చేశారు. నిందితుల్లో ఒకరు కమిషన్ నెట్‌వర్క్ వ్యవహారాలు చూసే ఉద్యోగి. కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోని ప్రశ్నపత్రాలు లోపలివాళ్ళ ద్వారానే బయటికొచ్చాయన్నది దర్యాప్తు చేసిన సిట్ అభియోగం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, లాగులు సరిగ్గా ఉంచితే మామూలు ఆడిటర్ కూడా పట్టగలడు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో లాగులు 180 రోజులు దాచమన్నది ఊరికే కాదు. అయితే పది మంది ఒకే ఐడీతో లాగిన్ అవుతుంటే లాగు ఎవరి పేరు చెబుతుంది?

ఇక స్క్రిప్టులో రాసే ఆ లైను సంగతికి వద్దాం. అందరూ వాడే సర్వర్లో కమాండ్ పక్కనే పాస్‌వర్డ్ ఇచ్చి నడిపితే, అదే సమయంలో అక్కడ లాగిన్ అయి ఉన్న ఇంకొకరు పీఎస్ కమాండ్ కొట్టినప్పుడు ఆ పాస్‌వర్డ్ కనిపించే వీలుంది. గిట్‌లో ఒకసారి ఎక్కిన పాస్‌వర్డ్‌ను మర్నాడు చెరిపేసినా పాత కమిట్లలో అలాగే ఉంటుంది. అందుకే చెరపడం కాదు, పాస్‌వర్డే మార్చాలి. రూట్ పేరు మీద క్రాన్‌లో నడిచే స్క్రిప్టును మామూలు యూజర్ ఎడిట్ చేయగలిగితే, ఆ యూజరే రూట్ అయినట్టు. హ్యాకర్ లేకుండా జరిగే నష్టమూ ఇచ్చిన అధికారం కొలత ప్రకారమే ఉంటుంది. 2015లో లినక్స్ మీద స్టీమ్ సాఫ్ట్‌వేర్‌లోని ఒక స్క్రిప్టులో ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా మిగిలింది. ఆ లైను రూట్ డైరెక్టరీ నుంచి చెరపడం మొదలుపెట్టి, ఆ యూజర్‌కు అనుమతి ఉన్న ఫైళ్ళన్నీ తుడిచిపెట్టింది, కొందరికి బ్యాకప్ డిస్కులతో సహా. అనుమతి ఎంతవరకో నష్టం అంతవరకు.

ఇవన్నీ పెద్ద కంపెనీలకు, మా చిన్న యూనిట్లో ఎవరికి తీరిక అంటారా? బ్యాకప్‌కంటూ చదివే అనుమతి మాత్రమే ఉన్న వేరే ఖాతా, పాస్‌వర్డ్ ఉన్న ఫైలును సొంత యూజర్ తప్ప మిగతా మామూలు యూజర్లెవరూ తెరవకుండా 600 పర్మిషన్, సుడోలో అన్నిటికీ బదులు ఒక్క కమాండ్‌కే అనుమతి. ఇదంతా ఒక పూట పని, ఖర్చు సున్నా. ఇంతకన్నా గట్టి ప్రశ్న ఇంకొకటుంది. పాస్‌వర్డ్ తీసి వాల్ట్‌లో పెట్టినా, వాల్ట్ తెరిచే కీ ఎక్కడో ఉండాలిగా? నిజమే, ఉబర్ ఉదంతం చెప్పేదీ అదే. రహస్యం పూర్తిగా మాయం కాదు. కానీ అన్నీ తెరిచే శాశ్వతమైన కీకీ, ఒక్క పనికే పనికొచ్చి గంటలో చెల్లకుండా పోయే టోకెన్‌కీ చాలా తేడా ఉంది. రెండోది దొరికినవాడికి దక్కేది కొంచెం, అదీ లాగులో పడుతుంది. అసలు స్క్రిప్టులే వద్దు, మళ్ళీ చేత్తోనే చేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను. మనిషి నిద్రమత్తులో కొట్టే కమాండ్లను ఎవరూ రివ్యూ చేయరు, స్క్రిప్టును చేయవచ్చు.

ఒక చిక్కు మాత్రం మీకు వారసత్వంగానే వస్తుంది. మీకంటే ముందు పనిచేసినవాళ్ళు ఉద్యోగం మానేసి ఏళ్ళయినా వాళ్ళ ఐడీలు బతికే ఉంటాయి, ఎందుకంటే స్క్రిప్టులు ఆ ఐడీల మీదే నడుస్తున్నాయి. మూసేస్తే జీతాల రోజున ఏది ఆగిపోతుందోనని ఎవరూ వాటి జోలికి పోరు. చేరిన మొదటి వారంలోనే ప్రతి సర్వర్లో క్రాన్‌ట్యాబ్ తెరిచి, ఏ జాబు ఎవరి పేరు మీద నడుస్తోందో రాసుకోండి. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కనిపిస్తే ఆ జాబులను ఒక్కొక్కటిగా సర్వీస్ ఖాతాలకు మార్చి, కనీసం ఒక జీతాల రోజు దాటేదాకా గమనించి, తర్వాత ఆ ఐడీ మూయండి.