పిల్లవాణ్ణి తేనెటీగ కుడితే

మొన్న వేసవిలో మా నాలుగేళ్ళ మనవడు డాబా మీద పూలకుండీల దగ్గర ఆడుకుంటూ కెవ్వుమన్నాడు. చేతి మీద తేనెటీగ ముల్లు! పక్కింటి పిన్నిగారు, పాపం, సున్నం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. నేను వద్దన్నాను. సున్నం లేత చర్మాన్ని కాలుస్తుంది. ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాడంటే ఇంకేమైనా ఉందా?

తేనెటీగ ఎగిరిపోయినా దాని ముల్లు విషపు తిత్తితో సహా చర్మంలోనే ఉండిపోయి, విషం దించుతూనే ఉంటుంది. కనుక పట్టకారు కోసం ఇల్లంతా వెతకకండి. గోటితో గీకైనా, లాగైనా సరే, క్షణాల మీద తీసెయ్యాలి. కందిరీగ మామూలుగా ముల్లు వదలదు, కాని మళ్ళీ మళ్ళీ కుడుతుంది. ముందు పిల్లల్ని అక్కణ్ణించి తప్పించండి.

తరవాత సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసుముక్క పది నిమిషాలు అద్దండి. చేతి మీద కుడితే గాజులూ ఉంగరమూ ముందే తీసెయ్యండి, వాచాక రావు. మర్నాటికి వాపు కాస్త పెరిగినా బెదిరిపోనక్కర్లేదు.

బెదరవలసింది వేరే ఉంది. ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదవులు, నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసం, వాంతులు, సొమ్మసిల్లడం కనిపించినా, నోట్లో కుట్టినా, ఒకేసారి చాలా ఈగలు కుట్టినా, ‘వాళ్ళ నాన్నగారు ఆఫీసునించి రానీ’ అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఒళ్ళంతా విషమించినప్పుడు ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఆలస్యం కాకూడదు. పిల్లవాణ్ణి నడిపించకుండా పడుకోబెట్టండి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి.

మావాడి పక్కన గంటసేపు కదలకుండా కూర్చున్నాను. అలాంటివేమీ రాలేదు. సాయంత్రానికి మళ్ళీ ఆ కుండీల దగ్గరే ఉన్నాడు!