కిల్ట్ వేసుకుని షార్ట్ ఫిల్మ్‌కి వెళ్తే, నాన్న పంచె గుర్తొచ్చింది

ఈ ఛానెల్ పెట్టకముందు నేను సాఫ్ట్‌వేర్‌లో చేసేవాణ్ణని మీలో చాలామందికి తెలుసు. అప్పుడు ప్రాజెక్ట్ పని మీద ఎనిమిది నెలలు స్కాట్లాండ్‌లో, గ్లాస్గోలో ఉన్నా. ఈరోజు అక్కడి ఒక సాయంత్రం గురించి చెప్తా.

మొదటి రెండు నెలలు ఆఫీసు, రూమ్, పప్పుచారు. అంతే నా లైఫ్. తర్వాత పక్క ఫ్లాట్ వాళ్లు పరిచయమయ్యారు. వీకెండ్స్‌లో షార్ట్ ఫిల్మ్స్ తీసే బ్యాచ్. మనకీ ఆ పిచ్చి ఉంది కదా, వాళ్ల సినిమాకి సబ్‌టైటిల్స్ టైమింగ్ నేనే సెట్ చేసిచ్చా. ఆ సినిమాని దగ్గర్లో ఒక చిన్న హాల్లో వేస్తున్నారు. "టీమ్ అంతా కిల్ట్‌లో వస్తున్నాం. నువ్వూ టీమే" అన్నారు.

నాకు భయమేసింది. వాళ్ల బట్టల్ని వెక్కిరిస్తున్నా అనుకుంటారేమో అని. ఆ మాటే అడిగేశా. "పెళ్లికొచ్చే ఫ్రెండ్స్‌కి కూడా వేయిస్తాం, నీకెందుకు వద్దు?" అని నవ్వి, అద్దెకిచ్చే షాపుకి తీసుకెళ్లారు.

కిల్ట్ అంటే గళ్ల లంగా అనుకునేవాణ్ణి. కాదండీ బాబూ! ఫుల్ కిల్ట్‌కి దాదాపు 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది. బాగా బరువు. జేబులుండవు, అందుకే ముందు స్పోరన్ అని ఒక తోలు సంచి వేలాడుతుంది. ఫోన్, పర్సు అందులోనే. నేను చుట్టుకుని బయటికి రాగానే అందరూ పగలబడి నవ్వారు. మన పంచెకి కుచ్చిళ్లు ముందుంటాయి కదా, ఆ అలవాటులో వెనకది ముందుకి తిప్పి కట్టా! కిల్ట్‌కి కుచ్చిళ్లు వెనక రావాలి. లోపల ఏం వేసుకున్నావని కామెంట్లలో అడుగుతారని తెలుసు. అద్దె బట్టలు బ్రో, వేసుకున్నా.

హాలుకి నడుస్తుంటే మా ఎడిటర్ ఫ్రెండ్ ఒక విషయం చెప్పాడు. 1746లో, తిరుగుబాటు అణిచేశాక, స్కాట్లాండ్‌లో మగవాళ్లు ఈ బట్టలు వేసుకోవడాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు. రెండోసారైతే ఏడేళ్లు దేశం దాటించేవాళ్లు. సైన్యంలో ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపు. 1782లో ఆ చట్టం తీసేశారు. 1822లో ఎడిన్‌బరాకి వచ్చిన రాజు నాలుగో జార్జే కిల్ట్ వేసుకున్నాడు. చూడండి, జైల్లో వేయించిన బట్టే రాజు ఒంటి మీదికొచ్చింది.

హాల్లో నలభై మంది ఉంటారేమో. నన్ను ఎవరూ వింతగా చూడలేదు. పక్క సీట్లో ఒక పెద్దాయన మాత్రం అడిగాడు, "మీ ఊళ్లో మగవాళ్లు ఏం కడతారు?" అని. ఫోన్లో నాన్న ఫొటో చూపించి పంచె గురించి గొప్పగా చెప్పా. "బాగుంది. మరి నువ్వెప్పుడు కడతావు?" అన్నాడు. నా దగ్గర ఆన్సర్ లేదు.

ఎందుకంటే, బీటెక్ సెకండియర్‌లో నాన్న ఫీజు కట్టడానికి తణుకు నుంచి పంచెలోనే వచ్చాడు. నా ఫ్రెండ్స్ ముందు నాకు సిగ్గేసింది. "ఈసారి ప్యాంటు వేసుకుని రా నాన్నా" అన్నా. ఆయన ఏమీ అనలేదు. తర్వాతి సెమిస్టర్‌కి ప్యాంటులో వచ్చాడు. ఎవరి పెళ్లికో కుట్టించింది, నడుము దగ్గర వదులు. ఫీజు క్యూలో నిలబడి అస్తమానం పైకి లాక్కుంటున్నాడు. దూరం నుంచి చూస్తూ కూడా నేనేం మాట్లాడలేదు.

సినిమా అయ్యాక రూమ్‌కొచ్చి, తెల్లారేదాకా ఆగి వీడియో కాల్ చేశా, కిల్ట్‌లోనే. నాన్న ఒక నిమిషం చూసి, "కుచ్చిళ్లు వెనక్కెట్టావేంట్రా?" అన్నాడు. నవ్వుకున్నాం. తర్వాత చెప్పా, "ఆరోజు ప్యాంటు వేసుకు రమ్మన్నా కదా, తప్పు నాన్నా" అని. "ఎప్పుడు? నాకు గుర్తులేదురా" అన్నాడు. గుర్తుంది ఆయనకి. వెంటనే "తిన్నావా?" అని మాట మార్చేశాడు కదా, అక్కడే తెలిసిపోయింది.

వేరేవాళ్ల బట్టలు వేసుకోవడానికి నాకు ఒక్క సాయంత్రం ధైర్యం చాలింది. మా నాన్న బట్ట కట్టుకోవడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది. వచ్చే నెల మా ఫ్రెండ్స్ షార్ట్ ఫిల్మ్ విజయవాడలో వేస్తున్నారు. పంచెలో వెళ్తున్నా. నాన్నా వస్తున్నాడు, ఆయనకి నచ్చిందే కట్టుకుని.

మీక్కూడా అమ్మకో నాన్నకో చెప్పకుండా మిగిలిపోయిన సారీ ఏదైనా ఉంటే, ముందు వాళ్లకి ఫోన్ చేయండి. లైక్, సబ్‌స్క్రైబ్ తర్వాత చేద్దురుగాని. ఉంటా మరి.