బీఎడ్ ఇంటర్న్‌షిప్: పదహారు వారాలు ఎవరి కోసం?

(శంషాబాద్‌లో ఆదివాసీ బీఎడ్ విద్యార్థుల సమావేశంలో ఒక కోయ టీచర్ మాట్లాడిన మాటల పాఠం)



మీలో ఉట్నూరు వైపు వాళ్లున్నారు, ఏటూరునాగారం వాళ్లున్నారు, మా భద్రాచలం వాళ్లూ కనిపిస్తున్నారు. రేపు సోమవారం నుంచి చాలామంది ఈ చుట్టుపక్కల బడులకు ఇంటర్న్‌షిప్‌కు పోతున్నారని చెప్పారు. అందుకే ఉపన్యాసం ఏదీ రాసుకుని రాలేదు. నేను ఇదే ప్రాంతంలో ఒక బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. అక్కడ ఒక తప్పు చేశాను. ముందు అది చెప్తాను, మిగతాది తర్వాత.

మాది దుమ్ముగూడెం దగ్గర గూడెం. ఒకటో తరగతిలో మా సారు బోర్డు మీద ‘ఏరు’ అని రాసి, ఏరు అంటే ఏంటని అడిగాడు. నాకు తెలుసు కదా! లేచి మూలనున్న నీళ్లకుండ చూపించాను. కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. సారు నవ్వాడు, ఆయన నవ్వితే తెలుగు వచ్చిన నలుగురు పిల్లలూ నవ్వారు. తెలుగులో ఏరు అంటే వాగు అని నాకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పింది కూడా ఒక భాషలో సరైన జవాబే అని సారుకు ఎవరూ చెప్పలేదు. ఆయన చెడ్డ మనిషి కాదు, మా పిల్లలకు జ్వరం వస్తే మాత్రలు తెచ్చిచ్చేవాడు. కానీ ఆ రోజు తర్వాత నేను రెండేళ్ల పాటు క్లాసులో నోరు విప్పలేదు.

ఇలాంటి కథ మీ అందరికీ ఒకటి ఉంటుంది. కోయకు ఏరు, గోండుకు ఇంకోటి, కొలాంకు ఇంకోటి. మనం ఎక్కడ కూర్చున్నా ఈ కథ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే కథలో మనం ఎప్పుడూ ఆ పిల్లే. సారు మనం కాదు. నాకు శంషాబాద్‌లో తెలిసింది ఏంటంటే, సారు కావడానికి ఎంతోసేపు పట్టదు.

మా రోజుల్లో బీఎడ్ ఒక్క ఏడాదే. రెండు మెథడ్స్ కలిపి నలభై పాఠాలు చెప్పి, రికార్డు రాసి, సంతకాలు పెట్టించుకుంటే టీచింగ్ ప్రాక్టీస్ అయిపోయినట్టే. నావి లెక్కలు, ఫిజికల్ సైన్స్. కాలేజీ హైదరాబాద్‌లో, బడి మాత్రం ఇక్కడ, రన్‌వేకి ఆనుకున్న ఒక ఊళ్లో. విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది, అప్పటికి ఏడాది దాటింది. దాదాపు 5,500 ఎకరాల ఎయిర్‌పోర్ట్. ఆ భూమిలో పంటలు పండినప్పటి సంగతులు పిల్లల తాతలు చెప్పేవాళ్లు. విమానం వచ్చిన ప్రతిసారీ నా మాట ఆగిపోయేది. పిల్లలకు మాత్రం అలవాటే, తోక రంగు చూసి అది ఏ కంపెనీ విమానమో చెప్పేసేవాళ్లు. నేను అప్పటికి విమానాన్ని అంత దగ్గరగా చూడలేదు, కాబట్టి మొదటి వారం నేనే కిటికీలోంచి ఎక్కువ చూశాననుకోండి.

ఆరో తరగతిలో ఒక పిల్ల. తండా నుంచి వచ్చేది. తీసివేతలు చేయిస్తున్నాను, పై స్థానం నుంచి అప్పు తెచ్చుకునే తీసివేతలు. ఆ పిల్ల వేళ్లు మడుచుకుంటూ పెదాలు కదిలిస్తూ ఏదో గొణుగుతోంది. సూపర్వైజర్ వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తున్నారు. నాకు భయం, క్లాసు నిశ్శబ్దంగా ఉండాలి కదా! “గొణుగుడు ఆపు, చేతులు కిందికి దించు” అన్నాను. దించింది. ఆ తర్వాత ఆమె చేసిన లెక్కలన్నీ తప్పు. నేను ఎర్ర పెన్నుతో ఇంటూలు కొట్టాను. ఆ పాఠానికి నా రికార్డులో ‘తరగతి నిర్వహణ బాగుంది’ అని రాశారు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్న భోజనం దగ్గర, వండి పెట్టే అమ్మ నాతో అన్నది, “టీచరమ్మా, మా పిల్లను లెక్క పెట్టుకోనియ్యవా?” ఆమెదీ అదే తండా. ఆ పిల్ల గొణగడం లేదు. ఏక్, ది, తీన్ అని లంబాడీలో లెక్క పెట్టుకుంటోంది. లంబాడీలో లెక్కించి, జవాబును తెలుగులోకి మార్చుకుని, అప్పుడు రాస్తోంది. ఒక్క లెక్కకు రెండు పనులు చేస్తున్న పిల్లను నేను సోమరి అనుకున్నాను.

ఆ రాత్రి నాకు నీళ్లకుండ గుర్తొచ్చింది.

ఒక మాట. లంబాడాలు, ఆదివాసులు అంటూ మన రాష్ట్రంలో నడుస్తున్న వివాదం ఇక్కడున్న అందరికీ తెలుసు. రిజర్వేషన్ల మీద, భూముల మీద నా అభిప్రాయాలు నాకున్నాయి, అవి వేరే సభలో మాట్లాడతాను. ఆ గదిలో ఆ పిల్ల ముఖం మాత్రం ఒకటో తరగతిలో నా ముఖమే. టీచర్‌గా పోయినవాళ్లు ఈ రెండింటినీ కలపకూడదని నేననుకుంటాను. కాదనేవాళ్లు తర్వాత నాతో పోట్లాడండి, కూర్చుంటాను.

మిగిలిన రోజుల్లో ఆమెను గట్టిగానే లెక్క పెట్టమన్నాను. లంబాడీ అంకెలు ఒక చార్టు మీద తెలుగు అక్షరాల్లో రాసి గోడకు అంటించాను. కోఠీలో కొన్న రంగు చార్టులన్నిటికంటే ఆ చార్టు దగ్గరే పిల్లలు గుమిగూడారు. తండా పిల్లలు తెలుగు పిల్లలకు అంకెలు నేర్పడం మొదలైంది, నవ్వులు మొదలయ్యాయి, ఈసారి ఆ నవ్వులు వేరు. నా చివరి పాఠం నాటికి ఆ పిల్ల తనంతట తాను బోర్డు దగ్గరికి వచ్చి అప్పు తీసివేత చేసింది. అంతే. నా నలభై పాఠాలు అయిపోయాయి, వచ్చేశాను. తర్వాత వచ్చిన బ్యాచ్ వాళ్లు చార్టు ఉంచారో చించారో తెలియదు.

ఇప్పుడు మీ సంగతి. 2014లో ఎన్‌సీటీఈ కొత్త నిబంధనలు తెచ్చింది. బీఎడ్ రెండేళ్లయింది. బడిలో గడపాల్సింది మొత్తం 20 వారాలు, మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది 16. దాని వెనక సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక ఉంది. టీచర్ల శిక్షణ పేరుతో నడుస్తున్న దుకాణాల గురించి ఆ నివేదిక దాపరికం లేకుండా రాసింది. నాకు దొరికిన దానికంటే మీకు బడిలో ఎక్కువ కాలం దొరుకుతోంది. నాలుగో వారంలో నా తప్పు నాకు తెలిసొచ్చింది. మీకు ఆ తర్వాత ఇంకా పన్నెండు వారాలు మిగులుతాయి.

కానీ ఆ పదహారు వారాలు నిజంగా జరుగుతున్నాయా? మనలో మనం దాచుకోవడం ఎందుకు? నాన్ అటెండింగ్ అనే మాట వినని వాళ్లు చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. ఫీజు కట్టు, హాజరు వాళ్లే వేసుకుంటారు, రికార్డు ఎవరో రాస్తారు, పరీక్షకు మాత్రం రా. మనవాళ్లు కూడా చేస్తున్నారు. నేను తిట్టడానికి రాలేదు, కారణం తెలుసు. ఇంటర్న్‌షిప్‌లో పైసా రాదు. ఇక్కడ గది అద్దె, బస్సు చార్జీలు, ఇంటికాడ పత్తి ఏరే రోజులు. రాత్రి పూట కార్గో దగ్గర పనిచేసి పొద్దున బడికి వచ్చి క్లాసులో నిద్రపోయిన తమ్ముణ్ని నేను చూశాను. అతన్ని ఏమనగలం? స్టైపెండ్ అడగాల్సిందే, హాస్టల్ వసతి అడగాల్సిందే. డాక్టర్ చదువు చదివేవాళ్లకు ఇంటర్న్‌షిప్‌లో డబ్బులిస్తారు, మనకెందుకివ్వరు?

ఇంకో గోస ఉంది. టీచర్లు చాలని బడికి ట్రైనీ దొరికితే వదులుతారా! రోజుకు ఐదు పీరియడ్లు అప్పగిస్తారు. పరీక్ష పేపర్లు, హాజరు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, అన్నీ మీ నెత్తినే. మెంటార్ టీచర్ మీ క్లాసులో కూర్చుని మీ తప్పు మీకు చెప్పాలి. ఆయన వేరే క్లాసులో ఉంటాడు, ఆయనకూ తీరిక ఉండదు. నాకు నా తప్పు చెప్పింది సూపర్వైజర్ కాదు, వంటమ్మ. అది అదృష్టం. అదృష్టం మీద చదువు నడవకూడదు.

ఇది మనకెందుకు అంత ముఖ్యమో చెప్తాను. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. ఆ జీవో కోసం మన పెద్దలు చెప్పిన ముఖ్యమైన వాదన ఏంటి? మైదానం నుంచి వచ్చిన సార్లు బడికి రారు, వచ్చినా పిల్లల భాష రాదు. మనవాళ్లయితే ఊళ్లోనే ఉంటారు, భాష వస్తుంది. మంచి వాదన. ఇప్పటికీ అదే మన వాదన. మరి హాజరు కొనుక్కుని బీఎడ్ పూర్తిచేసి, బడి ముఖం చూడకుండా డీఎస్సీ రాసి, గూడెంలో పోస్టు తెచ్చుకుంటే, ఆ వాదనలో మొదటి సగం మనమే చెరిపేసుకున్నట్టు. ఇక రెండో సగం, భాష. అది వచ్చినంత మాత్రాన చాలదని నా కథే చెప్తోంది. నేను కోయ పిల్లనై ఉండి ఇంకో పిల్ల భాషను గొణుగుడు అన్నాను.

ఇది చాలా పాత సంగతి కూడా. కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. 1943లో గోండుల విద్యా పథకం మొదలైంది, మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టారు. డిగ్రీలున్న గోండులు అప్పుడెక్కడ? కాస్త చదవడం రాయడం వచ్చిన కుర్రాళ్లను పట్టుకొచ్చి, గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారుచేసి, పిల్లలకు వాళ్ల భాషలోనే చెప్పడం నేర్పారు. నిజాం ప్రభుత్వం చేసిన దాన్ని పొగడాలని కాదు, తిరుగుబాటుకు భయపడి చేసిన పని అది. అయినా టీచర్ శిక్షణ మార్లవాయిలో జరిగింది, అడవిలో, పిల్లల మధ్య. మన బీఎడ్ మాత్రం పట్నంలో జరుగుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అని ఎనిమిది భాషల్లో ప్రాథమిక వాచకాలు వేశారు. ఆ పుస్తకాలతో పాఠం ఎలా చెప్పాలో నా బీఎడ్‌లో ఒక్క గంట కూడా చెప్పలేదు. మీ సిలబస్‌లో ఉందా? లేదా! విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ మాత్రం వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన అంటుంది.

కాబట్టి యూనివర్సిటీలను అడగాల్సింది ఒకటుంది. పదహారు వారాల్లో కనీసం నాలుగు వారాలు, ఆదివాసీ విద్యార్థి కోరుకుంటే, ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలలో చేసే అవకాశం ఇవ్వాలి. సూపర్వైజర్లు అంత దూరం రాలేరంటారు. భద్రాచలంలో, ఉట్నూరులో, ఏటూరునాగారంలో ఐటీడీఏలు ఉన్నాయి, అక్కడ అనుభవమున్న మన టీచర్లున్నారు, వాళ్లకు ఆ బాధ్యత ఇవ్వండి. ఉండటానికి చోటెక్కడ అంటారు. ఆశ్రమ పాఠశాల అంటేనే ఉండే బడి! మైదానం పిల్లలు కూడా వస్తామంటే రానివ్వాలి. రేపు పోస్టు వచ్చాక మొదటిసారి గూడెం చూసే కంటే, ముందే వచ్చి నాలుగు వారాలు ఉండి చూడటం మా పిల్లలకే మంచిది. ఈ మాట మీలో కొందరికి నచ్చదని తెలుసు.

అది వచ్చేదాకా శంషాబాద్ ఉంది. ఇక్కడ షెడ్యూల్డు ప్రాంతం లేదు, ఐటీడీఏ లేదు. కానీ రేపు మీరు పోయే క్లాసులో తండా పిల్లలుంటారు, పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్ల పిల్లలుంటారు, కట్టడాల పనికి ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ల పిల్లలుండొచ్చు. ఒడిశా పిల్లలు ఒడియానే మాట్లాడతారనుకోకండి, ఇంట్లో వాళ్లది కువి కావచ్చు. రెండు మూడు రోజులు పాఠం మొదలుపెట్టకండి. వెనక బెంచీలో కూర్చోండి. ఇంటర్వెల్‌లో ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారో చూడండి, ఎవరు ఎవరికి చెవిలో తర్జుమా చేస్తున్నారో చూడండి. ఆ తర్జుమా చేసే పిల్ల మీకు పదహారు వారాలూ పనికొస్తుంది. వంటమ్మతో మాట్లాడండి. మీ రికార్డులో పిల్లల ఇంటి భాషకు కాలమ్ ఉండదు, గీత గీసి మీరే పెట్టుకోండి, సూపర్వైజర్ ఇదేంటని అడిగితే చెప్పండి. నిశ్శబ్దంగా ఉన్న పిల్లకు పాఠం వచ్చేసిందనుకోకండి.

విమానం చప్పుడుకు నా గొంతు పోయింది. మధ్యాహ్నం రెండున్నరకు మెథడ్ల వారీగా కూర్చుందాం, లెక్కలవాళ్లు నా దగ్గరికి రండి. మొదటి వారం లెసన్ ప్లాన్లు తెచ్చినవాళ్లు అవి బయటికి తీసి పెట్టుకోండి, మీ భాషలో ఒకటి నుంచి ఇరవై వరకు అంకెలు కూడా ఒక కాగితం మీద రాసి తెండి.